ఆ తొంభై గజాలూ మాకు వదిలేయండి

మహారాజశ్రీ అమెరికా అంతరిక్ష దళంలో జీపీఎస్ ఉపగ్రహాలను నడిపే అధికారి వారి సముఖమునకు,
ష్రీవర్ స్థావరం, కొలరాడో రాష్ట్రం.

విషయం: ఉపగ్రహాల కొలతలో మిగిలి ఉన్న కాస్త తేడాను ఉన్నది ఉన్నట్టు ఉంచవలసిందని విన్నపం.
సూచిక: 2000 మే 1న అప్పటి అధ్యక్షులు క్లింటన్ గారి ఉత్తర్వు.

ఆర్యా,

పై విషయమై తమకు విన్నవించుకునేది ఏమనగా, నేను ఆంధ్రప్రదేశ్ సర్వే శాఖలో మండల సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఉద్యోగమంతా జనం దగ్గర అర్జీలు పుచ్చుకోవడమే గాని, రాసిన పాపాన పోలేదు. కాబట్టి ఇందులో ఎక్కడైనా అర్జీకి ఉండవలసిన వినయం లోపిస్తే అలవాటు లేకపోవడం వల్లేనని గ్రహించ ప్రార్థన. ప్రస్తుతం సియాటిల్ పక్కన మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. ఈ దేశానికి వచ్చే తల్లిదండ్రులందరికీ ఉన్నట్టే నాకూ చేతినిండా తీరిక. ఆ తీరిక చూడలేక మా మనవరాలు ఒక ఆదివారం నన్ను మీ ఉపగ్రహాల వెంట అడవిలోకి నడిపించింది.

తమరు పెద్ద పనుల్లో ఉండే మనిషి. జియోకాషింగ్ అనే ఆట సంగతి మీ దాకా వచ్చిందో లేదో. ఎవరో ఒకాయన ఒక డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి, అడవిలోనో పార్కులోనో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు లోకానికి ప్రకటిస్తాడు. మిగతావాళ్ళు ఫోను పట్టుకుని పోయి, వెతికి, పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను తీసిన చోటే పెట్టి వచ్చేస్తారు. అంతే ఆట. దొరికినదాన్ని అమ్మితే టీ ఖర్చులు కూడా రావు. అయినా ఇలాంటి డబ్బాలు ప్రపంచమంతా కలిపి 30 లక్షలకు పైమాటే. సైన్యం కోసం కోట్లు పోసి పైకి పంపిన ఉపగ్రహాలతో జనం ప్లాస్టిక్ డబ్బాలు వెతుక్కుంటున్నారని మీ ఆడిట్ వాళ్ళకు ఇంకా తెలియకపోతే, నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి.

అసలు ఈ ఆట పుట్టిందే మీ వాళ్ళు ఒక పని మానుకోవడం వల్ల. 1990 నుంచి పదేళ్ళపాటు మీ ఉపగ్రహాలు మామూలు జనానికి కావాలనే తప్పు కొలత ఇచ్చాయి. సైన్యానికి ఒక లెక్క, ప్రజలకు ఒక లెక్క. సరైన కొలత శత్రువు చేతిలో పడుతుందేమోనని భయం. మా శాఖలో తెలిసి తెలిసి తప్పు కొలత ఇస్తే సస్పెండు చేస్తారు. మీరు దానికి 'సెలెక్టివ్ అవైలబిలిటీ' అని పేరు పెట్టి రాజముద్ర వేశారు. ఇది నింద అనుకోవద్దు. తప్పుకు అంత మర్యాదైన పేరు పెట్టే నేర్పు మా ఆఫీసుల్లో ఎవరికీ లేకపోయిందే అని చింత, అంతే.

అప్పట్లో ఆ తేడా వంద మీటర్ల దాకా ఉండేది. సర్వేయరు బుర్ర కనక ఊరుకోలేక లెక్క కట్టాను. వంద మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రం గీస్తే లోపల పడే భూమి 7 ఎకరాల 76 సెంట్లు. అంత మేర పొదలూ పుట్టలూ గాలించి డబ్బా వెతకమంటే కూలికి కూడా ఎవరూ రారు. మే 1 అర్ధరాత్రి మీరు ఆ తప్పును ఆపేసరికి ఎకరాల లెక్క సెంట్లలోకి దిగింది. ఇప్పుడు ఆరుబయట ఫోను చూపించే తేడా మామూలుగా 4.9 మీటర్లని మీ ప్రభుత్వమే చెబుతోంది. దానితో గుండ్రం గీసి చూశాను. తొంభై గజాలు. మా ఊరి భాషలో రెండు సెంట్లకు కాస్త తక్కువ, పేదవాడి ఇంటి స్థలం. మనిషి ఓ పూట తిరిగి, విసుక్కుని, మళ్ళీ తిరిగి వెతకడానికి సరిగ్గా సరిపోయే జాగా.

ఉత్తర్వు వచ్చిన రెండో రోజే, మే 3న, ఓరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ ఊరి దగ్గర డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ల ఆయన ఒక నల్ల బకెట్టు తీసుకెళ్ళి అడవిలో పెట్టాడు. అందులో పుస్తకాలు, ఇంకా ఏవేవో సామాన్లు, వాటితోపాటు చిక్కుడు గింజల టిన్ను ఒకటి. ఉత్తరం 45° 17.460′, పశ్చిమం 122° 24.800′ అని చిరునామా ప్రకటించాడు. మూడు రోజులు తిరక్కుండానే జనానికి దొరికిపోయింది. ఇప్పుడు అక్కడ ఒక ఫలకం ఉందట.

ఆ చిరునామా చూడగానే నాకు చేతులు ఊరుకోలేదు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే 1852 మీటర్లు. అందులో వెయ్యో వంతు దాకా రాశాడు, అంటే 1.85 మీటర్లు. మనిషి చేతులు బార చాపినంత. అంతకంటే సన్నంగా చెప్పడానికి ఆ చిరునామాలో అంకెలే లేవు. పైగా దాచినవాడి యంత్రానికీ ఒక తేడా ఉంటుంది, వెతికేవాడి యంత్రానికీ ఒక తేడా ఉంటుంది. ఇద్దరి తేడాలూ కలిస్తే గుండ్రం సగటున రెట్టింపై 180 గజాలవుతుంది. మా శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ఇది చెప్పడానికి నాకు నెలలు పట్టేది. మా మనవరాలికి అడవిలో అర నిమిషం పట్టింది. "అయితే తాతయ్యా, ఫోను ఆపేసి చూద్దాం" అంది.

నన్ను ఖచ్చితత్వానికి శత్రువు అనుకోకండి. 66 అడుగుల గొలుసు లాగిన చేతులివి. ఎండకు ఆ గొలుసు సాగుతుంది, చైన్‌మన్ అలిసిపోతే వదులవుతుంది, రైతు పక్కన నిలబడితే ఎందుకో అతని వైపే వంగుతుంది. హద్దురాళ్ళు రాత్రికి రాత్రి కాళ్ళొచ్చి నడుస్తాయి. మూడు ఊళ్ళ పొలిమేర కలిసే చోట పాతిన ట్రైజంక్షన్ రాయి కోసం పోతే, ఎవరింటి వెనకో దాని మీద బట్టలు ఉతుకుతుంటారు. దున్నినప్పుడల్లా గట్టును ఒక చాలు లోపలికి తినేసే అన్నను, ఆ చాలు కోసం కోర్టుకెక్కి ఎకరం అమ్ముకున్న తమ్ముణ్ణి చూసినవాణ్ణి నేను. కాబట్టి 2020 డిసెంబరులో మా రాష్ట్రంలో డ్రోన్లతో, రోవర్లతో రీసర్వే మొదలైనప్పుడు సంతోషించిన ముసలివాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ రోవరు మీ ఉపగ్రహాల సంకేతాలే పట్టుకుని, నేల మీది స్టేషన్ల సాయంతో సరిదిద్దుకుని, సెంటీమీటర్లలో లెక్క చెబుతుంది. పొలం దగ్గర అలాగే ఉండాలి. అక్కడ బెత్తెడు తేడా వస్తే తలకాయలు పగులుతాయి.

అడవిలో డబ్బా సంగతి వేరు. ఎందుకు వేరో చెప్పడానికే మా ఆదివారం నడక మీ ముందు పెడుతున్నాను.

మేం పోయింది స్నోక్వాల్మీ కనుమకు. సియాటిల్ నుంచి 90వ నంబరు హైవే మీద తూర్పుకు గంట ప్రయాణం. అక్కడ హయాక్ అనే చోట మిల్వాకీ రోడ్ అనే రైల్వే కంపెనీ వాళ్ళు 1912లో మొదలుపెట్టి కొండలోంచి తవ్విన సొరంగం ఉంది. 1980లో రైళ్ళు ఆగిపోయాయి. పట్టాలు పీకేసి, ఆ దారిని నడిచేవాళ్ళకూ సైకిళ్ళవాళ్ళకూ వదిలారు. చలికాలంలో లోపల మంచుగడ్డలు ఊడిపడతాయని మూసేస్తారు. రైలు నడిచిన దారి కనక ఎత్తుపల్లాలు లేవు. మోకాళ్ళ నొప్పుల మా ఆవిడ కూడా "ఇదైతే వస్తాను" అంది. పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, జంతికల పొట్లం, అయిదుగురికీ తలకు కట్టుకునే లైట్లు. నాకూ మా ఆవిడకూ లైట్ల కింద మంకీ క్యాపులు అదనం. తొందరేమీ లేదు. ఎక్కడ కూర్చోవాలనిపిస్తే అక్కడ కూర్చుందామని ముందే ఒప్పందం చేసుకున్నాం.

సొరంగం పొడవు 2.3 మైళ్ళు. మైలుకు 80 చొప్పున 184 గొలుసులు. నాలుగడుగులు లోపలికి వేశామో లేదో, 20,200 కిలోమీటర్ల నుంచి దిగివచ్చే మీ సంకేతం కొండరాయి దగ్గర ఆగిపోయింది. ఫోనులో మా చుక్క సొరంగం వాకిట్లోనే నిలబడిపోయింది. మేం మాత్రం లోపలికి నడుస్తూనే ఉన్నాం. జేజెమ్మ కాలం నాటి చీకటి, పైనుంచి నీటి చుక్కలు, ఎదురుగా చివర ఆవగింజంత వెలుతురు. ఎంత నడిచినా ఆ గింజ పెరగదు. పెరగకపోతేనేం, పక్కకు జరగదు కూడా. అక్కడ ఆగి దండం పెట్టాను. పైన ఒక్క ఉపగ్రహం లేని రోజుల్లో, థియోడొలైటుతో, వేలాడే గుండుతో, కాగితం మీద కూడికలు తీసివేతలతో ఇంత సూటిగా కొండను దాటించిన వాళ్ళెవరో నాకు తెలియదు. అధికారులు రిబ్బను కత్తిరించిన ఫొటోలో కొలిచినవాడు ఏ దేశంలోనూ ఉండడు. తమరూ కొలతల పని చూసేవారే కనక ఈ ఒక్క మాట మన ఇద్దరి మధ్య.

సొరంగం దాటాక ఫోను కళ్ళు నులుముకుని లేచింది. మా గమ్యం ఈ ఆట ఆడేవాళ్ళకు పుణ్యక్షేత్రం వంటి ఒక పెద్ద పెట్టె. 2001లో 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' సినిమా ప్రచారానికి కొన్ని దేశాల్లో ఇలాంటి పెట్టెలు దాచారు. ఇప్పుడు మిగిలినవి రెండు, ఒకటి బ్రెజిల్లో, ఇంకొకటి ఇక్కడ. ఇక్కడి పెట్టెను 2011లో ఎవరో మాయం చేస్తే, కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ పెట్టారు. అది దొరకడం పెద్ద కష్టం కాలేదు. ఎన్నో దేశాలవాళ్ళు తొక్కి తొక్కి అడవిలో కాలిబాట వేసేశారు. బాట చూసి పొలం చెప్పడం నా పూర్వపు వృత్తి. పుస్తకంలో జర్మనీ వాళ్ళ సంతకాలు చాలా కనిపించాయి. మా ఆవిడ జంతికల పొట్లం పెట్టెలో పెట్టబోయింది. "అత్తయ్యగారూ, తినేవి పెట్టకూడదు, వాసనకు జంతువులొస్తాయి" అని కోడలు ఆపింది. "మొదటి ఆయన చిక్కుడు గింజలు పెట్టొచ్చు గాని నేను జంతికలు పెట్టకూడదా?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. చివరికి అరచేతిలో పట్టే కొండపల్లి ఎడ్లబండి ఒకటి పెట్టి, బదులుగా ఎవరో వదిలిన చెక్క బిళ్ళ తెచ్చుకున్నాం.

నేను చెప్పదలచుకున్నది దాని గురించి కాదు. ఆ దారిలోనే ఇంకో చిన్న డబ్బా ఉందని ఫోను చెప్పింది. ఎక్కడో చెప్పను, చెబితే ఆట చెడుతుంది. కెమెరా రీలు వచ్చే పాతకాలపు ప్లాస్టిక్ డబ్బా అంత చిన్నది. ఫోను మూడు మీటర్లు అంది. అటు పోతే పదకొండు అంది. ఇటు వస్తే రెండంది. పెద్ద పెద్ద చెట్లు, పక్కన కొండ. మీ సంకేతం నేరుగా రాకుండా రాయికి తగిలి తిరిగొస్తే దూరం ఎక్కువ చూపిస్తుంది, యంత్రం తికమక పడుతుంది. అది యంత్రం తప్పు కాదు. మా మనవరాలు దాన్ని జేబులో పెట్టింది. అప్పుడు మొదలైంది అసలు పని.

తొంభై గజాల్లో అయిదుగురం తలో మూలా పట్టుకున్నాం. మా అబ్బాయి పద్ధతిగా వరసలు వేసుకుని వెతికాడు. నేను రాళ్ళ అడుగున చూశాను, దాచిన రాయి అడుగునే ఉంటుందని ఉద్యోగం నేర్పింది. ఇంతలో సైకిళ్ళ మీద ఇద్దరు వస్తుంటే కోడలు "మామయ్యగారూ, ఆడనివాళ్ళకు తెలియకూడదు" అని సైగ చేసింది. మంకీ క్యాపు పెట్టుకుని మోడు చుట్టూ వంగి తిరిగే ముసలాణ్ణి చూసి ఎవరు ఆగకుండా పోతారు? ఏమైనా పోయిందా అని అడిగారు. మా ఆవిడ తనకు వచ్చిన ఇంగ్లీషులో ఠక్కున "రింగ్" అనేసింది. అంతే, ఆ మహానుభావులిద్దరూ సైకిళ్ళు పక్కన పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు ఏరడం మొదలుపెట్టారు. ఎంత చెప్పినా వినరు. మా ఆవిడ ముఖంలో దిగులు చూసి ఇంకా శ్రద్ధగా వెతికారు. చివరికి "దొరుకుతుందిలే అమ్మా" అన్న అర్థంలో ఏదో చెప్పి, భుజం తట్టి వెళ్ళారు. ఉంగరం ఆవిడ వేలికే ఉంది. తెలుగువాళ్ళు అడవిలో నగలు పారేసుకుంటారని ఆ ఇద్దరూ ఎక్కడైనా చెప్పుకుంటే దానికి బాధ్యత మాది.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ అక్కడే ఒక దుంగ మీద కూర్చుని, "దీన్ని దాచింది మగవాడే" అంది. ఎలా తెలుసన్నాను. "ఇంత పెద్ద అడవిలో ఇంత చిన్న డబ్బా దాచి ఊరందరికీ చెప్పే పని ఆడవాళ్ళకెందుకు? మగవాడు వస్తువు పెట్టినా, వెతికినా నడుము ఎత్తులోనే. వంగడు, పైకి చూడడు" అంది. నడుము ఎత్తులో చూశాం. ఎండిన మాను మీద బెరడు లేచిన చోట, వేలు దూరేంత సందులో, ఆకుపచ్చ టేపు చుట్టుకుని కూర్చుని ఉంది. సైకిళ్ళాయన చెయ్యి ఆనించి లేచిన చోటికి జానెడు దూరం.

తమరు గమనించవలసింది ఇదే. నాలుగు ఉపగ్రహాల కొలతలు కలిపి మమ్మల్ని ఆ మాను దగ్గరికి తెచ్చినందుకు కృతజ్ఞులం. మీ గడియారాలు పైన రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయని ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం ముందే సరిచేసి పంపుతారని కూడా విన్నాను. ఆ తిప్పలన్నీ మీరు పడ్డారు. ఆ తర్వాత మిగిలిన తొంభై గజాల్లో మాకు కావలసివచ్చింది భౌతికశాస్త్రం కాదు, ముక్కూ ముఖం తెలియని ఒక మనిషి ఆ రోజు ఏమనుకుని చెయ్యి చాపి ఉంటాడన్న ఊహ. ఆ పని మా ఆవిడ చేసింది. ఆ తేడాయే లేకపోతే ఆవిడకు అక్కడ పనే ఉండేది కాదు.

మా దేశంలో ఈ ఆట పెద్దగా పాకలేదు, పాకకపోవడమే మంచిదేమో. బండరాయి కింద డబ్బా ఉందని మా వైపు పుకారు పుడితే తెల్లారేసరికి అక్కడ నిలువెత్తు గొయ్యి, పక్కన నిమ్మకాయలు, పసుపూ కుంకుమ. గుప్తనిధుల కోసం గుళ్ళనే తవ్విపోసే వాళ్ళున్న గడ్డ. తవ్వేవాళ్ళు చూడకపోతే పిల్లలు తీసుకెళ్ళి పాత సామాన్లవాడికి వేసి ఉల్లిపాయలు తెచ్చుకుంటారు. మా జనాన్నే అనడం న్యాయం కాదు. 2011లో ఇంగ్లండులో వెదర్‌బీ అనే ఊళ్ళో ఇలాంటి డబ్బానే చూసి బాంబు అనుకుని వీధి ఖాళీ చేయించి, పేల్చేశారు.

ఇక నా ప్రార్థన. ఎల్5 అనే కొత్త సంకేతం మీ కొత్త ఉపగ్రహాల నుంచి వస్తోందని, దాన్నీ పాతదాన్నీ కలిపి పట్టుకునే ఫోన్లు 2018 నుంచే అంగట్లో ఉన్నాయని మా అబ్బాయి చెప్పాడు. ఆ దారిన పోతే కొన్నాళ్ళకు తేడా ఒక మీటరుకు దిగుతుంది. ఒక మీటరు గుండ్రం అంటే నాలుగు గజాలు కూడా రాదు. దాచినవాడిదీ వెతికేవాడిదీ కొత్త ఫోనే అయితే రెట్టింపు చేసినా ఎనిమిది గజాల లోపే. అందులో వెతకడానికేముంది, వంగి తీసుకోవడమే. విమానాలకు ఇవ్వండి, ట్రాక్టర్లకు ఇవ్వండి, మా సర్వే రోవర్లకు తప్పకుండా ఇవ్వండి. డబ్బాలు వెతికేవాళ్ళకు మాత్రం ఆ అయిదు మీటర్లూ వదిలేయండి. పాత పద్ధతిలో మళ్ళీ తప్పు కలపమని అడగడం లేదు. మూడో తరం ఉపగ్రహాల్లో ఆ ఏర్పాటే ఉండదని 2007లో మీ ప్రభుత్వం ప్రకటించింది, ఆ మాట మీద నిలబడండి. కావాలని తప్పు చెప్పడం వేరు, తెలిసినంత చెప్పి ఊరుకోవడం వేరు.

దీనికి మీ కార్యాలయం నుంచి ఏ జవాబు వస్తుందో నాకు తెలుసు. 'తమ అర్జీ పరిశీలించబడినది. ఫోనులో చూపించే తేడా ఫోను తయారీదారుల పరిధిలోనిది. వారిని సంప్రదించగలరు.' ఇలాంటి కాగితాలు నేనూ చాలా రాశాను. తహసీల్దారుదని నేనూ, సర్వేయరుదని తహసీల్దారూ ఒక ఫైలును ఏళ్ళ తరబడి తిప్పిన అనుభవంతో చెబుతున్నాను, అలా తిప్పినా మాకు నష్టం లేదు. తిప్పినన్నాళ్ళూ తేడా అలాగే ఉంటుంది.

అలా కాదు, మరీ దగ్గరికి తెచ్చి తీరతామంటే మాకూ వేరే దారి ఉంది. 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడులో, క్రాన్మియర్ మడుగు దగ్గర, జేమ్స్ పెరొట్ అనే దారి చూపే ఆయన ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్ళు అందులో తమ పేరు చీటీ వేసి పోయేవారు. ఆకాశంలో మీవి ఏవీ లేవు. అయినా జనం పోయారు, సీసా కనుక్కున్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత మండల సర్వేయరు.

నకళ్ళు:
నావిక్ ఉపగ్రహాలు నడిపే మన ఇస్రో వారికి, సమాచారం నిమిత్తం. సమయం వచ్చినప్పుడు తమకు విడిగా రాసుకుంటాను.
ఎండిన మానులో డబ్బా దాచిన పెద్దమనిషికి. లోపలి కాగితం నిండిపోయింది, మా అయిదుగురి పేర్లూ అంచున ఇరికించి రాశాం. వీలు చూసుకుని కొత్తది పెట్టగలరు. ఈసారి కాస్త వంగి దాచగలరు.